వదంతి, వలస, న్యాయం

పాశ్చాత్య దేశాలలో నేడు ఎన్నికల సభలలోను, శాసనసభలలోను, పత్రికలలోను తీవ్రంగా చర్చింపబడుతున్న విషయాలలో వలస సమస్య ఒకటి. ఎక్కడైన ఘోరనేరం జరిగినప్పుడు ‘నేరస్థుడు ఎక్కడివాడు?’ అని అడిగేవారు పెక్కుమంది. అడుగుటలో దోషం లేదు. సమాధానం తెలియకముందే శిక్షకు పూనుకొన్నచో ఏమి జరుగునో 2024లో ఇంగ్లండులో జరిగిన ఉదంతం తెలుపుచున్నది.

2024 జులై 29న వాయవ్య ఇంగ్లండులోని సౌత్‌పోర్టు అనే సముద్రతీర పట్టణంలో, పిల్లలు నృత్యం నేర్చుకొనుచున్న తరగతిలోకి ఒక యువకుడు కత్తితో ప్రవేశించినాడు. ఆరు, ఏడు, తొమ్మిది సంవత్సరాల ముగ్గురు బాలికలు ప్రాణాలు కోల్పోయినారు. మరి ఎనిమిదిమంది పిల్లలు, ఇద్దరు పెద్దలు గాయపడినారు. నిందితుని వయస్సు అప్పటికి 17 ఏండ్లు. మైనరు నిందితుని పేరు ప్రచురించుటపై అక్కడి న్యాయవిధానంలో ఆంక్షలున్నవి. విచారణకు ముందే జూరీ సభ్యుల మనస్సులు ఒకవైపు మొగ్గకుండ కోర్టు ధిక్కార చట్టం కూడ వార్తలకు హద్దులు ఏర్పరచినది. కావున పోలీసులు అతడు కార్డిఫ్‌లో జన్మించినవాడని తెలిపి, పేరు చెప్పలేదు.

సమాచారం కొరవడినచోట వదంతి పుట్టినది. హంతకుడు పడవలో వచ్చిన శరణార్థి అనీ, ముస్లిం అనీ ఒక కల్పిత నామంతోసహ సామాజిక మాధ్యమాలలో ప్రచారం సాగినది. ఆ పేరు సరికాదని పోలీసులు ప్రకటించినను ఫలితం లేకపోయినది. జులై 30 సాయంకాలం ఒక గుంపు ఆ పట్టణంలోని మసీదుపై ఇటుకలు రువ్వినది. ఏబదిమందికి పైగా పోలీసులు గాయపడినారు. అల్లర్లు ఇతర పట్టణాలకు ప్రాకినవి. ఆగస్టు 4న రాథరమ్ సమీపంలో శరణార్థులు నివసించే హోటలుకు నిప్పుపెట్టుటకు ప్రయత్నించినారు.

ఆగస్టు 1న న్యాయమూర్తి నిందితుని పేరు వెల్లడింపవచ్చునని అనుమతించినారు. అతడు రువాండా నుండి వచ్చిన దంపతులకు బ్రిటనులోనే పుట్టిన కుమారుడు. 2025 జనవరిలో అతనికి యావజ్జీవశిక్ష పడినది. కనీసం 52 ఏండ్లు కారాగారంలో ఉండవలెను. అల్లర్లలో పాల్గొన్నవారిలో వేయిమందికి పైగా అరెస్టయినారు.

ఇక్కడ పదాల అర్థభేదం గ్రహింపవలెను. చదువుకో ఉద్యోగానికో వీసాపై వెళ్ళినవాడు వలసదారు. జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం అనే కారణాలలో దేనివల్లనైన స్వదేశంలో హింసకు గురి అగునన్న సహేతుకమైన భయంతో దేశం విడిచినవాడు శరణార్థి. ఈ నిర్వచనం 1951 నాటి జెనీవా ఒప్పందంలోనిది. శరణు కోరినవానికి నిర్ణయం వెలువడువరకు బ్రిటనులో సాధారణంగా ఉద్యోగం చేయు హక్కు లేదు. ప్రభుత్వం పలువురిని హోటళ్ళలో ఉంచినది.

స్థానికుల ఆందోళనను మొత్తంగా తోసిపుచ్చుట న్యాయం కాదు. 2022లో చిన్న పడవలపై 45 వేలమందికి పైగా బ్రిటను చేరినారు. ఇండ్లు, వైద్యం, వ్యయం గురించి ప్రశ్నించుట పౌరుల హక్కు. ప్రభుత్వ లోపాలు కూడ ఉన్నవి. తీవ్రవాద నివారణకు ఏర్పడిన ‘ప్రివెంట్’ పథకానికి ఈ నిందితుని గురించి మూడుసార్లు తెలియజేసినను ప్రమాదం తప్పలేదు. సమాచారం ఆలస్యమగుటయే పుకార్లకు తావిచ్చినదని 2025 ఏప్రిలులో పార్లమెంటు సంఘం అభిప్రాయపడినది. ఆ ఆగస్టులో, తీవ్రమైన కేసులలో అభియోగం మోపబడినవారి జాతీయతను వెల్లడించు విషయం పరిశీలించవలెనని పోలీసులకు కొత్త సూచనలు వచ్చినవి.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. అల్లర్ల సమయంలో బ్రిటను వచ్చు భారతీయులు జాగ్రత్త వహింపవలెనని లండనులోని మన హైకమిషను హెచ్చరించినది. మన విద్యార్థులు ఎందరో అక్కడ చదువుచున్నారు. పైగా పుకారు పశ్చిమ దేశాల సొత్తు కాదు. 2018 జులైలో బీదరు జిల్లాలో, పిల్లలను ఎత్తుకొనిపోవువారన్న పుకారు నమ్మిన గుంపు హైదరాబాదుకు చెందిన యువ ఇంజనీరును కొట్టి చంపినది.

సౌత్‌పోర్టులో అల్లరి జరిగిన మరునాటి ఉదయమే స్థానికులు ఇటుకలు, సిమెంటు తెచ్చి మసీదు ప్రహరీని తిరిగి కట్టినారు. కూలిన గోడను నిలపవచ్చును గాని పోయిన ప్రాణం తిరిగి రాదు. కావున విద్యార్థి మిత్రులారా, చేతికందిన ప్రతి వార్తను మరొకరికి పంపుటకు ముందు, ఎవరు చెప్పినారు, వారికెట్లు తెలిసినది, అసత్యమైనచో బాధ్యులెవరు అని ప్రశ్నించుకొనుడు. విద్యకు ఇదియే మొదటి పరీక్ష.