విశాఖ ఎంత దూరం? ఏ దారిన?

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరమని వెతికితే రెండు జవాబులు దొరుకుతాయి. గగన దూరం సుమారు 500 కిలోమీటర్లు, రోడ్డున వెళ్తే 620 పైచిలుకు. రెండూ నిజమే. మరి మధ్యలో ఆ 120 కిలోమీటర్లు ఎక్కడినుంచి వచ్చినట్టు?

ముందు గగన దూరం సంగతి చూద్దాం. భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి చిన్న గీత పొడవే అది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, విశాఖ 17.7 దగ్గర. అంటే విశాఖ మనకు దాదాపు నేరుగా తూర్పున ఉన్నట్టే. ఈ గీత కొత్తగూడెం పక్కనుంచి పోయి, కూనవరం దగ్గర్లో గోదావరి దాటి, మన్యం కొండలెక్కి, నర్సీపట్నం మీదుగా దిగుతుంది. గీతకు ఘాట్ రోడ్డు అక్కర్లేదు, అటవీ శాఖ అనుమతి అంతకన్నా అక్కర్లేదు.

రోడ్డుకు రెండూ కావాలి. అందుకే 65వ నంబరు జాతీయ రహదారి కొండల జోలికి పోకుండా ఆగ్నేయంగా 275 కిలోమీటర్లు దిగి విజయవాడ చేరుతుంది. విజయవాడ ఉన్నది 16.5 డిగ్రీల దగ్గర. తూర్పుకు పోవాల్సిన మనిషి వంద కిలోమీటర్లు దక్షిణానికి జారాడన్నమాట. అక్కడినుంచి చెన్నై–కోల్‌కతా రహదారి పట్టుకుని, కోస్తా మైదానం వెంబడి 350 కిలోమీటర్లు ఈశాన్యంగా ఎక్కాలి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం ఇదే.

అదే విజయవాడ వరకే అయితే గగన దూరం 250, రోడ్డు 275. పదో వంతే అదనం, ఎందుకంటే దారిలో పెద్ద కొండల వరస లేదు. విశాఖకు అదనం దాదాపు నాలుగో వంతు. రోడ్డు దూరానికీ గగన దూరానికీ ఉన్న నిష్పత్తి చూస్తే చాలు, మధ్యలో నేల ఎలాంటిదో చెప్పేయొచ్చు.

ఈ చుట్టును తగ్గించేదే ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ హైవే. పొడవు 162 కిలోమీటర్లు. దాని లాభం విజయవాడ మలుపు తప్పడం. అయినా గోదావరి దాటడానికి రాజమహేంద్రవరం వైపు పోక తప్పదు. ఇంజనీర్లు మలుపుతో బేరమాడగలరు, నదితో కాదు.

విమానమైనా ఆ గీత మీదే ఎగురుతుందనుకోకండి. గాలివాటం చూసుకుని రన్‌వే ఎంచుకోవాలి, కంట్రోల్ చెప్పిన దారిన పోవాలి. పైగా గాల్లో ఉండేది గంట చిల్లర. దానికి ముందు శంషాబాద్ చేరాలి, బ్యాగు తనిఖీకి వరసలో నిలబడాలి. గగన దూరంలో ఇవేవీ కలవవు.

నగరాల మధ్య దూరం చెప్పే అంకె సాధారణంగా నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు కొలిచింది. గచ్చిబౌలిలో ఉన్నవాళ్లు ఎల్బీనగర్ దాటేసరికే అందులో లేని కిలోమీటర్లు చాలా ఖర్చయిపోతాయి. కాబట్టి పెట్రోలు లెక్క వేసేటప్పుడు గగన దూరం పక్కన పెట్టండి. రోడ్డు దూరమే తీసుకుని, అది ఏ ఊరి మీదుగా, ఎక్కడినుంచి కొలిచిందో చూసుకుని బయల్దేరండి.