కొత్త అల్లాయ్ వీల్స్ వేశాక స్టీరింగ్ వణుకుతోందా? బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గట్లేదా? అసలు లోపం ఇదే కావొచ్చు!

ముచ్చటపడి కారుకు కొత్త అల్లాయ్ వీల్స్ వేయించారు. ఊళ్లో తిరిగినంతసేపూ బాగానే ఉంది. హైవే ఎక్కి స్పీడ్ 80 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా తేడా లేదు. చాలామంది కారు ఓనర్లకు ఎదురయ్యే సమస్యే ఇది. ఇలాంటప్పుడు లోపం టైర్లలోనే ఉండాలని లేదు. చక్రం హబ్ మీద సరిగ్గా కూర్చోకపోయినా ఇలాగే ఉంటుంది.

గట్టు రోడ్డు మీద తెలియదు.. హైవే మీద బయటపడుతుంది

కోనసీమ జిల్లా ఆత్రేయపురం సంగతే తీసుకోండి. పూతరేకుల కోసం వచ్చే కార్లు, శనివారాల్లో వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లే కార్లు కాలువ గట్టు రోడ్డు మీద 40, 50 స్పీడ్ మించి వెళ్లడం కష్టం. ఆ వేగంలో చక్రంలోని లోపం పెద్దగా తెలియదు. అదే కారు రావులపాలెం దగ్గర 16వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే కథ మారిపోతుంది. 80 కిలోమీటర్ల వేగంలో చిన్న కారు చక్రం సెకనుకు 11 సార్లకు పైగా తిరుగుతుంది. వేగం 40 నుంచి 80కి పెరిగితే, చక్రంలో ఉన్న అసమతుల్యత కొట్టే ఊపు నాలుగు రెట్లవుతుంది.

అసలు తేడా ఎక్కడ?

చక్రం మధ్యలో ఉండే రంధ్రాన్ని సెంటర్ బోర్ అంటారు. కంపెనీ చక్రంలో ఇది కారు హబ్‌కు సరిగ్గా సరిపోతుంది. ఉదాహరణకు మారుతి స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ20 లాంటి కార్లలో హబ్ సైజు 54.1 మిల్లీమీటర్లు. కానీ బయట దొరికే అల్లాయ్స్‌ను రకరకాల కార్లకు పనికొచ్చేలా తయారుచేస్తారు. అందుకే వాటి రంధ్రం పెద్దదిగా, చాలావాటికి 73.1 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే హబ్ చుట్టూ 9.5 మిల్లీమీటర్ల ఖాళీ. ఇక చక్రాన్ని మధ్యలో నిలబెట్టాల్సింది నట్లు మాత్రమే. వాటిని ఒక పక్క నుంచి గట్టిగా బిగించుకుంటూ పోతే చక్రం కాస్త పక్కకు జరిగి కూర్చుంటుంది.

టైరుతో కలిపి 15 కిలోలుండే చక్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు. 15 అంగుళాల రిమ్ అంచున దాదాపు 40 గ్రాముల బరువు అదనంగా తగిలించినట్టే!

మెషీన్‌లో సున్నా.. రోడ్డు మీద వణుకు

బ్యాలెన్సింగ్ మెషీన్ సాధారణంగా చక్రాన్ని మధ్య రంధ్రంతో పట్టుకుని తిప్పుతుంది. అక్కడ అంతా సరిగ్గానే కనిపిస్తుంది. కారుకు బిగించాక చక్రం వేరే కేంద్రం మీద తిరుగుతుంది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

పరిష్కారం ఏంటి?

* హబ్ రింగులు: లోపలి కొలత కారు హబ్‌కు, బయటి కొలత అల్లాయ్ రంధ్రానికి సరిపోయే రింగులు వేయించాలి. పై ఉదాహరణలో 73.1–54.1 రింగు కావాలి. ఇవి ప్లాస్టిక్‌లో, అల్యూమినియంలో దొరుకుతాయి.
* పీసీడీ: నట్ల రంధ్రాలన్నిటినీ కలిపే వృత్తం కొలత ఇది. 100 ఉండాల్సిన చోట 98 వేస్తే నట్లు ఎలాగోలా ఎక్కవచ్చు, కానీ చక్రం సరిగ్గా కూర్చోదు. దీన్ని రింగు సరిచేయలేదు. ఆ చక్రం మార్చాల్సిందే.
* నట్లు: హోండా కంపెనీ చక్రాల నట్ల అడుగు గుండ్రంగా ఉంటుంది. బయటి అల్లాయ్స్ చాలావాటికి కోన్ ఆకారం నట్లు కావాలి. పాత నట్లే వాడితే పట్టు దొరకదు.
* హబ్ శుభ్రత: డెల్టా తేమకు హబ్ తుప్పు పడుతుంది. వైర్ బ్రష్‌తో గీకి తుడిచాకే చక్రం ఎక్కించాలి.
* బిగింపు: కారు జాకీ మీద ఉండగానే నట్లను చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా బిగించాలి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, ఓనర్ మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. పానా మీద కాలేసి తొక్కడం అస్సలు వద్దు.

ముందు ఇవి చూసుకోండి

వాన రోజుల్లో రిమ్ లోపల నల్లమట్టి గడ్డకట్టినా ఇలాగే వణుకుతుంది. ముందు కడిగించి చూడండి. బ్రేక్ వేసినప్పుడే వణికితే బ్రేక్ డిస్క్‌లు, కారు ఒక పక్కకు లాగుతుంటే అలైన్‌మెంట్ చెక్ చేయించాలి. వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ఎక్కువగా ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనక చక్రాలు కారణం. పాత కంపెనీ చక్రాలు ఇంట్లో ఉంటే వేసి నడపండి. వణుకు పోయిందంటే దొంగ దొరికినట్టే.

అశ్రద్ధ చేస్తే ప్రమాదమే

అలవాటైపోతుందిలే అని వదిలేయొద్దు. సరిగ్గా కూర్చోని చక్రానికి నట్లు మెల్లగా వదులవుతాయి, స్టడ్‌లు విరిగే ప్రమాదం కూడా ఉంది. ఒక పక్క కాలువ ఉన్న గట్టు రోడ్డు మీద చక్రం ఊడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కొత్త చక్రాలు వేయించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, నట్లు మరోసారి చెక్ చేయించాలి. అల్లాయ్స్ కొనేటప్పుడు డిజైన్ ఒక్కటే కాదు, ఐఎస్‌ఐ గుర్తు, పీసీడీ, సెంటర్ బోర్ కూడా అడిగి తెలుసుకోండి.