పని ఆగేది ఎక్కడ? ప్రాజెక్టుల ఆలస్యంపై అపోహలు – వాస్తవాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ప్రాజెక్టుల మాట వస్తే రెండే కారణాలు వినిపిస్తాయి. కాంట్రాక్టరు పని చేయలేదు, లేదా పెద్దవాళ్లు డబ్బు తిన్నారు. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. అయితే పనులు ఎందుకు ఆలస్యమవుతాయి, ఖర్చు ఎందుకు పెరుగుతుంది, ఎలా చక్కదిద్దాలి అని దశాబ్దాలుగా పరిశోధిస్తున్న నిర్మాణ నిర్వహణ శాస్త్రం మన చూపును మరోవైపు మళ్లిస్తుంది. పెద్ద ప్రాజెక్టుల్లో చేతులు నెమ్మదిగా కదలడం వల్ల పోయే కాలం కంటే, భూమి కోసం, అనుమతి కోసం, డ్రాయింగ్ కోసం, బిల్లు కోసం పని ఆగిపోయి ఎదురుచూడటంలో పోయే కాలమే ఎక్కువ. ఈ మూడు జిల్లాల చరిత్రను ఆ వెలుగులో చదివితే మనం గట్టిగా నమ్మే మాటలు కొన్ని నిలబడవు.

మొదటిది, వెనకటివాళ్లు చకచకా కట్టేసేవారు, ఈ కాలంలోనే సాగదీస్తున్నారు అన్న నమ్మకం. వనపర్తి సంస్థానాధీశుల చొరవతో మొదలైన సరళాసాగర్‌నే తీసుకుందాం. నీటిమట్టం పెరగగానే వాటంతట అవే పనిచేసే సైఫన్లతో ఇంజినీర్లు ఇప్పటికీ ఆశ్చర్యంగా చూసే జలాశయం అది. 1949 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగితే 1959 జులైలో ప్రారంభమైంది. అర టీఎంసీ నీటికి దాదాపు పదేళ్లు! జూరాలకు 1981లో పునాదిరాయి పడితే 1990ల మధ్యకు గానీ కట్టడం పూర్తికాలేదు. కట్టాక కూడా, ఎగువన కర్ణాటక గ్రామాల ముంపు పరిహారం తేలేదాకా జలాశయాన్ని పూర్తి మట్టానికి నింపలేకపోయారు. బచావత్ ట్రిబ్యునల్ ఈ ప్రాజెక్టుకు 17.84 టీఎంసీలు కేటాయించినా, కాంక్రీటు సిద్ధంగా ఉన్నా, కాగితం మీద తేలని ఒక్క లెక్క నీళ్లను ఆపింది. ఇది మన ఒక్కరి తలరాత కూడా కాదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 65 దేశాల్లో 1934 నుంచి 2007 వరకు కట్టిన 245 పెద్ద ఆనకట్టల లెక్కలు తీసి 2014లో ప్రకటించారు. ధరల పెరుగుదలను మినహాయించాక కూడా అసలు ఖర్చు అంచనా కంటే సగటున 96 శాతం ఎక్కువైంది, పదింట ఎనిమిది ఆలస్యమయ్యాయి. అన్నిటికంటే ముఖ్యంగా, అంచనాలు వేయడంలో ఆ డెబ్బై ఏళ్లలో మెరుగుదల ఏమీ కనిపించలేదు. వెనకటివాళ్లదీ మనదీ ఒకే జబ్బు.

సరళాసాగర్ గురించే ఇంకో మాట. 2019 డిసెంబరు 31న దానికి గండి పడినప్పుడు పాత సాంకేతికత విఫలమైందని చాలామంది అనుకున్నారు. తెగింది మట్టికట్ట, సైఫన్లు కాదు. ప్రారంభోత్సవంతో ప్రాజెక్టు పని ముగిసిపోదు, కట్టను ఏటా చూసుకోవడం కూడా ప్రాజెక్టు నిర్వహణలో భాగమే.

అన్నిటికంటే ఖరీదైన అపోహ, ముందు పని మొదలుపెడితే మిగతావి దారిలో పడతాయన్నది. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్ర సాగునీటి కార్యక్రమమైన జలయజ్ఞం కింద కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా వంటి ఎత్తిపోతల పథకాలు ఊపందుకున్నాయి. సర్వే, డిజైన్, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరుకే అప్పగించే పద్ధతి వచ్చింది. ఆ పనులను పరిశీలించిన కాగ్, భూసేకరణ, అటవీ అనుమతులు, పునరావాసం తేలకుండానే ఒప్పందాలు కుదుర్చుకోవడాన్ని తన నివేదికలో తప్పుపట్టింది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది. ప్రకటించిన వ్యయం 35,200 కోట్లు, ఎత్తిపోయాల్సిన నీళ్లు 90 టీఎంసీలు. పర్యావరణ అనుమతి లేదన్న కారణంతో 2021 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ పనులు ఆపింది. తాగునీటి కోసం 7.15 టీఎంసీల మేరకు పనులు చేసుకోవచ్చని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అనుమతించాక, ఆ ఏడాది సెప్టెంబరు 16న నార్లాపూర్‌లో మొదటి పంపు తిరిగింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన రామ్ సింగ్ దేశంలోని 894 ప్రాజెక్టులను పరిశీలించి 2010లో రాసిన వ్యాసం ఇదే చెబుతుంది. దాదాపు ఐదింట నాలుగు ఆలస్యమయ్యాయి, ఆ ఆలస్యమే ఖర్చు పెరగడానికి ప్రధాన కారణాల్లో ఒకటి, వెనక ఉన్నవి ఒప్పందాల్లోని లొసుగులు, సంస్థల వైఫల్యాలు. కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2021 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఒప్పందం అప్పగించేముందే చిక్కుల్లేని భూమి చేతిలో ఉండాలని సూచించింది.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. అన్నీ తేలాకే మొదలుపెడతామంటే కరువునేలకు ఎప్పటికీ నీళ్లు రావు కదా, వలసపోయిన ఊళ్లు ఎంతకాలం ఆగాలి అని పాలమూరు రైతు అడిగితే ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1967లోనే ఇలాంటి వాదన చేశాడు. ప్రపంచబ్యాంకు సాయంతో నడిచిన 11 ప్రాజెక్టులను చూసి, ముందున్న కష్టాలు తెలియకపోవడమే మేలు, తెలిస్తే ఎవరూ సాహసించరు, దిగాక దారులు అవే దొరుకుతాయి అన్నాడు. కల్వకుర్తి, నెట్టెంపాడు పంపులు తిరిగి చెరువులు నిండిన ఊళ్లను చూస్తే ఆయన మాటలో కొంత సత్యం కనిపిస్తుంది. కానీ నీళ్లు అందింది కాలువ పూర్తయిన చోటికే. పంపుహౌస్, సొరంగం, జలాశయం, ప్రధాన కాలువ, డిస్ట్రిబ్యూటరీ, పిల్లకాలువ ఒకదాని వెంట ఒకటి ఉన్న గొలుసులో ఏ ఒక్క లంకె లేకపోయినా మిగతా వాటిపై పెట్టిన కోట్లు వడ్డీ కడుతూ నిలబడిపోతాయి. రైతుకు తొందరగా నీళ్లు కావాలంటే అన్ని ప్యాకేజీలనూ ఒకేసారి మొదలుపెట్టి అన్నిటినీ సగంలో ఉంచకూడదు. భూమి, అనుమతి, డబ్బు సిద్ధంగా ఉన్న భాగాన్ని చివరి పొలం దాకా ముగించి, ఆపై ముందుకు పోవాలి. నెమ్మది పద్ధతిలా కనిపించే ఇదే వేగమైన దారి.

పెద్ద యంత్రం దిగితే పని తేలిపోతుందన్న నమ్మకం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర కూలిపోయింది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పొడవు 43.93 కిలోమీటర్లు. 2005లో ఒప్పందం కుదిరింది, ఐదేళ్ల గడువు. రెండు చివరల నుంచి రెండు బోరింగ్ యంత్రాలు దిగాయి. పైన ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం కావడంతో మధ్యలో ఎక్కడా పక్కదారులు తవ్వే వీలు లేకపోయింది. యంత్రం వేగం ఎంతైనా అది తన ముందున్న రాయిని దాటాకే కదలాలి. ఆ రాతిలో ఎక్కడ పగులుందో, ఎక్కడ నీరుందో ముందుగా తెలుసుకోవడమే ఇక్కడ అసలు పని. ఇరవై ఏళ్లు గడిచినా దాదాపు తొమ్మిదిన్నర కిలోమీటర్లు మిగిలి ఉండగా, 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్, పంజాబ్ నుంచి వచ్చిన మనుషులు వాళ్లు. ఎవరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. హెలికాప్టర్‌తో భూగర్భాన్ని పరిశీలించే సర్వేకు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) దిగింది ఆ తర్వాతే. ముందు సర్వే, తర్వాత తవ్వకం అన్న క్రమం తలకిందులైనందుకు చెల్లించిన మూల్యాన్ని ఏ సవరించిన అంచనాలోనూ చూపించలేం.

వెనకబడిన పనికి ఇంకా కూలీలను దించండి, రాత్రింబవళ్లు నడపండి అన్నది అధికారుల సమీక్షల్లో తరచూ వినిపించే ఆదేశం. అమెరికాలో పెద్ద కంపెనీల అధిపతుల వేదిక బిజినెస్ రౌండ్‌టేబుల్ 1980లో వెలువరించిన అధ్యయనం దీన్ని సూటిగా కొట్టిపారేసింది. వారానికి 60 గంటలు, అంతకు మించి, రెండు నెలలు దాటి పనిచేయిస్తే, అదే జట్టు వారానికి 40 గంటలు చేసినప్పటి కంటే పని ఆలస్యంగా ముగుస్తుందని తేల్చింది. అలసట, తప్పులు, మళ్లీ చేయాల్సిన పనులు కలిసి ఆ అదనపు గంటలను తినేస్తాయి. పాలమూరు లేబర్‌గా దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన ఈ జిల్లాల మనుషులకు ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు. గుంపు మేస్త్రీలు చూపిన ఆశకు, ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి ఎక్కువ గంటలు చాకిరీ చేసిన తరాలు వాళ్లవి. ఆలస్యాన్ని కూలీ సోమరితనం మీదికి నెట్టేవాళ్లు, 2012లో దోలోయ్, సాహ్నీ, అయ్యర్, రెంటాల భారతదేశంలోని ఆలస్యాలపై చేసిన అధ్యయనాన్ని చూడాలి. కూలీల ఉత్పాదకత అందులో లేకపోలేదు గానీ, నిబద్ధత లేకపోవడం, సైట్ నిర్వహణ లోపం, సమన్వయ లోపం ముందువరుసలో ఉన్నాయి. యజమాని నిర్ణయాలు ఆలస్యం కావడం కూడా పెద్ద కారణంగానే తేలింది.

ఈ నిర్మాణ నిర్వహణ శాస్త్రంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది పరిశోధకులు గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ కనిపెట్టిన సంగతి. సైట్లలో వారం మొదట్లో చేస్తామన్న పనులను వారం చివర లెక్కపెడితే దాదాపు సగమే పూర్తవుతున్నాయి. కారణాలు వెతికితే డ్రాయింగ్ రాలేదు, స్టీలు రాలేదు, ముందు జట్టు ఖాళీ చేయలేదు. వాళ్లు ప్రతిపాదించిన పద్ధతిలో ప్రణాళికకు చివరి మాట చెప్పేది సైట్‌లో పని చేయించే మేస్త్రీ. అడ్డంకులు తొలగని పనిని ఈ వారం జాబితాలో పెట్టరు. కాని పని ఎందుకు కాలేదో రాసి పెడతారు. కొత్త యంత్రం అక్కర్లేదు, విదేశీ సలహాదారు అక్కర్లేదు. ఈ జిల్లాల ఏ మేస్త్రీని అడిగినా సోమవారం ఏ పని ఆగుతుందో శనివారమే చెప్పగలడు. అతన్ని అడిగే అలవాటే మన సమీక్షా సమావేశాల్లో లేదు.

ఇవన్నీ పక్కనపెట్టండి, అవినీతి పోతే చాలు అనేవాళ్లకు ఒక్క మాట. 2002లో పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యా బృందం 258 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి, పదింట తొమ్మిదింటిలో ఖర్చు అంచనా దాటిందని, ఇది పొరపాటు కంటే తెలిసి తగ్గించి చూపడమే అని వాదించింది. కాబట్టి పరిశోధన అవినీతిని, అబద్ధపు అంచనాలను వెనకేసుకురావడం లేదు. కానీ తేలని డిజైన్, చేతికి రాని భూమి, ఏటా సవరించే అంచనా ఉన్నచోటే దొంగలెక్కకు చోటు దొరుకుతుంది. అనిశ్చితిని తగ్గించడం ఆ చోటును మూసేయడమే.

కొత్త ప్యాకేజీకి శిలాఫలకం వేసే రోజున మన ప్రతినిధులను మూడు లెక్కలు అడగండి: చేతిలో ఉన్న భూమి ఎన్ని ఎకరాలు, వచ్చిన అనుమతులు ఏవి, ఈ విడతలో పిల్లకాలువ ఏ ఊరి పొలం దాకా పోతుంది. ఈ మూడింటినీ మండల కార్యాలయం గోడ మీద రాయమని, ప్రతి నెలా సరిచేయమని పట్టుబట్టండి.