అయస్కాంతం పట్టేస్తుంది!

అరవై ఏళ్లనాటి కారు అద్దంలా మెరిసిపోతుంటే ఎవరికైనా మనసు పారేసుకోవాలనిపిస్తుంది. అమెరికాలో పాత 'మజిల్ కార్ల'ను బాగుచేసి అమ్మేవాళ్లలో కొందరికి కావల్సిందీ అదే. అందుకే అనుభవజ్ఞులు జేబులో ఓ అయస్కాంతం వేసుకుని మరీ బేరానికి వెళతారు. దానికి గుడ్డ చుట్టి చక్రాల పైఅంచుల్లో, తలుపుల కిందిభాగంలో ఆనించి చూస్తారు. అతుక్కోకుండా జారిపోయిందా... అక్కడ తుప్పును పుట్టీతో కప్పేశారన్నమాట. (1968 పాంటియాక్ జీటీవో ముందు బంపరు దగ్గర జారినా కంగారక్కర్లేదు. దానికి కంపెనీయే రబ్బరులాంటి ప్లాస్టిక్ తొడుగు వేసింది!) డిక్కీలో కార్పెట్ కూడా ఎత్తి చూడాలి.

తుప్పయితే టింకరింగ్‌తో పోతుంది. అసలు మోసం పేరులో ఉంటుంది. మామూలు పాంటియాక్ లెమాన్స్‌కి జీటీవో అక్షరాలు తగిలించి, ఆ ధర చెబుతారు. 1966 నుంచి 1971 వరకూ వచ్చిన అసలైన జీటీవోల ఛాసిస్ నంబరు 242తో మొదలవుతుంది. 237 అని ఉంటే అది లెమాన్సే. చిక్కల్లా 1964, 65 మోడళ్లతోనే. అప్పట్లో జీటీవో అంటే లెమాన్స్ మీద అదనంగా తీసుకునే ప్యాకేజీ. నంబరు చూసి తేల్చలేం. కంపెనీ కాగితాలు అడగాల్సిందే. లేవంటే... లెమాన్స్ ధరకే బేరమాడాలి.