పెట్టెలో దాచిన రుమాళ్లు

బాలలూ! మీ యింట్లో తలకు చుట్టేవి, మెడకు వేసేవి, భుజాన కప్పుకునేవి ఎన్ని గుడ్డలు ఉన్నవో ఎప్పుడైనా లెక్కపెట్టారా? తాత రుమాల, నాయన కండువా, అమ్మ చున్నీ, చలికాలంలో కట్టే ఉన్ని మఫ్లరు, పెండ్లిలో పెట్టిన పట్టు ఉత్తరీయం - అన్నీ తీసి చాప మీద పరిస్తే ఒక చిన్న దుకాణమే అవుతుంది. వీటిని ఎలా దాచుకోవాలో ఈసారి చెబుతాను. ముందుగా నేను చేసిన తప్పు వినండి.

తిరుమలగిరిలో మా యింట్లో ఒక యినుప ట్రంకుపెట్టె ఉన్నది. మా నాయన పోయిన తరువాత ఆయన గుడ్డలను నేనే అందులో దాచాను. తెల్ల కండువాలను ఉతికించి, గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టాను. వాటిపైన ఆయన ఎర్ర రుమాలను నాలుగు మడతలు పెట్టి, తాళం వేశాను. పన్నెండేళ్లు ఆ పెట్టె తెరవలేదు. ఎంత భద్రంగా దాచానో అని లోలోపల సంతోషం కూడాను!

మొన్న వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలు పట్టుబట్టి పెట్టె తెరిపించింది. కండువాల నిండా చిల్లులు. ఒకదానిమీద నల్లని బూజుచుక్కలు. ఎర్ర రుమాలను మాత్రం పురుగు ముట్టలేదు. కాని విప్పబోతే మడత వెంట చిరిగింది.

"తాతా! ఇంత బాగున్నదే, దీన్ని ఎవరు నేశారు?" అని అడిగింది పిల్ల.

నేను జవాబు చెప్పలేకపోయాను. నాయన ఉన్నప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవారు లేరు.

అది ఏ జాతి గుడ్డో మాత్రం తెలుసు. దానిని తేలియా రుమాల్ అంటారు. తేల్ అంటే ఉర్దూలో నూనె. ఎరుపు, నలుపు, తెలుపు - ఈ మూడు రంగులే అందులో ప్రధానం. నూలుకు ముందుగానే ముడులు కట్టి రంగులు వేసి, తరువాత మగ్గం మీద నేస్తారు. సముద్రతీరాన చీరాల, మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పుట్టపాక దీనికి పేరుపొందిన ఊళ్లు. ఒకప్పుడు ఈ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. అక్కడివారు ఎండకూ దుమ్ముకూ తలకు చుట్టుకునేవారు. పుట్టపాక నేతగాడు గజం గోవర్ధన్‌కు 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాల్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇంతకూ నూలుకు నూనె ఎందుకు? ఆముదపుకాయల తొక్కలను కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి తేర్చుతారు. ఆ నీటిలో క్షారం ఉంటుంది. దానిలో నూనె కలిపి, నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. అలా చేసిన నూలు మెత్తబడి రంగును గట్టిగా పట్టుకుంటుంది. పూర్వం ఎర్రరంగును చిరివేరు వంటి మొక్కల వేళ్లనుంచి తీసేవారు. ఆ వేళ్లలోని రంగుపదార్థం పేరు అలిజరిన్. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మను శాస్త్రజ్ఞులు దానినే ప్రయోగశాలలో తయారుచేశారు.

మరి కండువాలను తిన్నది ఎవరు? వెండిరంగులో మెరుస్తూ, చేపలా జారిపోయే రెక్కలులేని ఒక చిన్న పురుగు. పాత పుస్తకాల్లో మీరు చూచే ఉంటారు. గంజి అంటే దానికి మహా యిష్టం. గంజిని తింటూ కింది నూలునూ కొరికేస్తుంది. అంటే నేను కండువాలకు గంజి పెట్టి పురుగుకు విందు చేశానన్నమాట! ప్లాస్టిక్ సంచి లోపలి తేమను బయటికి పోనివ్వలేదు. అందుకే బూజు పట్టింది. ఏళ్లతరబడి ఒకేచోట వంగి ఉండటంవల్ల రుమాల పోగులు తెగినవి. ఉన్నికీ పట్టుకూ వేరే శత్రువు ఉన్నది. ఒక చిన్న చిమ్మట గుడ్లు పెడుతుంది. వాటినుంచి వచ్చే పురుగు ఉన్నిని తింటుంది. రెక్కల చిమ్మట తినదు, దాని పిల్లే తింటుంది!

ఇప్పుడు మా యింట్లో ఇలా చేస్తున్నాము:

గుడ్డను ఉతికి, గంజి పెట్టకుండా, పూర్తిగా ఆరిన తరువాతనే దాచాలి. చెమట, నూనె మరకలకు పురుగులు చేరుతవి. రంగుగుడ్డలను నీడనే ఆరవేయాలి. ఎండకు రంగు వెలుస్తుంది.

నూలు, పట్టు, ఉన్ని వేరువేరుగా పెట్టాలి. పెట్టె అడుగున, చుట్టూ ఉతికిన పాత తెల్లగుడ్డ పరవాలి. వార్తాపత్రిక వద్దు, అందులోని ఆమ్లం గుడ్డను పచ్చబరుస్తుంది. గుండుసూదులూ వద్దు, తుప్పు మరక వదలదు.

బరువైనవి కింద, తేలికవి పైన ఉంచాలి. పాతవాటిని మడవకుండా, తెల్లగుడ్డ చుట్టిన అట్టగొట్టానికి చుట్టాలి.

ఎండిన వేపాకు, వసకొమ్ము పెద్దలు పెట్టేవే. వాటిని చిన్న సంచిలో కట్టి, గుడ్డకు తగలకుండా పెట్టండి. కలరా ఉండలు ఘనరూపంనుంచి నేరుగా ఆవిరి అవుతవి. ఆ ఆవిరి పసిపిల్లలకు మంచిది కాదు. వాటి జోలికి మీరు పోవద్దు.

అన్నిటికంటె ముఖ్యం, ఏడాదికి రెండుసార్లు, దసరా సెలవుల్లో ఒకసారి, వేసవిలో ఒకసారి, పెట్టె తెరవాలి. అన్నీ తీసి, దులిపి, గాలికి ఆరవేసి, మడతలను వేరేచోట వేయాలి. పురుగు పట్టినా అప్పుడే తెలుస్తుంది.

ఇంకొక పని మా మనవరాలు చేసింది. చిన్న తెల్లపట్టీల మీద అంకెలు వేసి, ఒక్కొక్క గుడ్డకు వదులుగా ఒక కుట్టు వేసింది. అవే అంకెలతో ఒక నోటుపుస్తకం రాస్తున్నది. గుడ్డ ఏది, ఎవరు వాడారు, ఎక్కడ కొన్నారు, ఎవరు నేశారు - ఇవీ గడులు. వాళ్ల నాయనమ్మను అడిగి పదకొండింటికి వివరాలు రాబట్టింది. మొదటి పేజీలో మాత్రం ఇలా ఉన్నది: "1. ఎర్ర రుమాల. కట్టినవారు: ముత్తాత. నేసినవారు: తెలియదు."

ఆ గడిని నింపడం ఇక నావల్ల కాదు. మీ యింట్లో చెప్పగలవారు ఉన్నారు గదా! ఈ ఆదివారం పెట్టె తెరిచి, పెద్దలను పక్కన కూర్చోబెట్టుకొని, ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి.