అదిమితే ఆగిపోయే చక్రం

పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఎవరి వల్ల వచ్చిందో, ఆ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో రోల్స్ రాయిస్ వాళ్ళకు ఒక కారు పురమాయించాడు. అది తయారై రాకముందే, ఆ ఆగస్టులోనే ఆయన పోయాడు. బార్కర్ కంపెనీ బాడీ కట్టిన ఆ పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్‌ను, లోపలి సింహాసనం లాంటి సీటుతో సహా, హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ చూడొచ్చు. ఆ తరం కార్లకు రంగు వేసింది గుర్రబ్బండ్ల పద్ధతిలోనే. అవిసె నూనె వార్నిష్ కుంచెతో పూయడం, రోజుల తరబడి ఆరబెట్టడం, ప్యూమిస్ రాతిపొడి, నీళ్ళతో చేత్తో రుద్ది చదును చేయడం, ఆపైన ఇంకో పూత. ఒక్క కారుకు వారాలు పట్టేది. పూతలు ఎన్నో ఉండేవి కాబట్టి చేతి బలమంతా వాటి మీద చూపినా నష్టం లేకపోయింది.

ఆ వారాలను గంటలకు కుదించింది డ్యూపాంట్ కంపెనీ. తుపాకి మందుకు పనికొచ్చే నైట్రోసెల్యులోజ్‌ను పల్చగా కరిగించే దారి దొరకడంతో 1920ల తొలినాళ్ళలో డ్యూకో లక్క రంగు పుట్టింది. జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లను డ్యూకో నీలి రంగుతో మార్కెట్లోకి దింపింది. గన్‌తో చల్లితే ఇట్టే ఆరేది, కానీ ఆరాక కళ ఉండేది కాదు. మెరుపు కావాలంటే కాంపౌండ్ పెట్టి రుద్దాల్సిందే. ఫ్యాక్టరీలోనూ రుద్దారు, షెడ్డులోనూ రుద్దారు. రుద్దితేనే మెరుస్తుందన్న నమ్మకం పనివాళ్ళలోనూ కారు యజమానుల్లోనూ అప్పుడు గట్టిపడింది. ఆ తర్వాత రంగు మారిపోయింది, నమ్మకం మాత్రం పోలేదు.

మధ్యలో యంత్రమూ వచ్చింది. అంతకు ముందే, 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ కరెంటుతో నడిచే చేతి డ్రిల్లు చేసింది. ఆ వంశంలోదే రోటరీ పాలిషర్. మోటారు ఇరుసుకు నేరుగా బిగించిన ప్యాడు నిమిషానికి వెయ్యి నుంచి మూడు వేల చుట్లు తిరుగుతుంది. ప్యాడుకు గొర్రె ఉన్ని తొడుగుతారు. (మన దక్కనీ గొర్రె ఉన్ని గొంగడికి దిట్టమే కానీ, ఈ పనికి మరీ గరుకు.) తెలిసిన మేస్త్రీ చేతిలో అది అద్భుతమే. తెలియని చేతిలో ఒక్కచోట రెండు క్షణాలు ఎక్కువ నిలిచినా పూత వేడెక్కి కాలిపోతుంది. ఇలా కాలిన బానెట్లు చూసిన వాళ్ళు ‘మిషన్ వద్దన్నా, చేత్తోనే చెయ్యి’ అంటారు. చెయ్యి అంటే మెత్తన అని వాళ్ళ లెక్క.

లెక్క అక్కడే తప్పింది. గుడ్డ చుట్టిన నాలుగు వేళ్ళ కొసలు పూతకు తగిలే చోటు దాదాపు 6 చదరపు సెంటీమీటర్లు. రెండు కిలోల బరువుతో అదిమితే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 330 గ్రాములు పడుతుంది. ఐదంగుళాల ప్యాడు వైశాల్యం 127 చదరపు సెంటీమీటర్లు. దాని మీద ఐదు కిలోలు మోపినా చదరపు సెంటీమీటరుకు 40 గ్రాములే. అంటే చేతివేళ్ళ ఒత్తిడి ఎనిమిది రెట్లు. పైగా చెయ్యి అలిసేకొద్దీ తిన్నగా పోదు. మరక ఉన్నచోటే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. డోరు మధ్యలో వేలి వెడల్పున చారలు, మసకబారిన ముద్దలు తేలేది అందుకే.

అరిగిపోతున్నది ఎంతో కూడా చూడాలి. ఇప్పటి కారు రేకు మీద తుప్పును ఆపే తొలి పూత సుమారు 20 మైక్రాన్లు, ప్రైమర్ 30-35, రంగు 15, అన్నిటికీ పైన రంగు లేని క్లియర్ కోట్ 40 పైచిలుకు. మొత్తం కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు, అంటే రెండు తలవెంట్రుకలంత. మెరుపంతా క్లియర్ కోట్‌దే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను మింగే రసాయనాలు ఉండేదీ అందులోనే. 1980ల్లో బయటి దేశాల కార్ల కంపెనీలు ఎక్కువగా ఈ పద్ధతికి మళ్ళాయి. మన రోడ్ల మీద మెటాలిక్ రంగుల కార్లు పెరిగిన 1990ల నుంచి మనకూ ఇదే. ఈ పూతకు ఫ్యాక్టరీలో రుద్దుడు అక్కర్లేదు, గన్ నుంచి వచ్చేటప్పుడే మెరుస్తూ వస్తుంది. పాలిష్ అంటే దానికి ఏదో కలపడం కాదు, గీత లోతుకు చుట్టూ ఉన్న పూతను కోసి దించడం. ఒక్కోసారికి కొన్ని మైక్రాన్లు పోతాయి, మళ్ళీ రావు. 45 డిగ్రీలు దాటే నల్లగొండ వేసవిలో, పల్చబడ్డ క్లియర్ కోట్ కింద రంగు వెలుస్తుంది. కొన్నాళ్ళకు పైపొర రేకులు రేకులుగా లేస్తుంది.

ఇక్కడి నేల కూడా కారుకు అనుకూలం కాదు. నల్లగొండ, పాలమూరు గుట్టలు చాలావరకు గ్రానైట్, నైస్ రాళ్ళు. అవి శిథిలమై ఏర్పడ్డ మట్టిలో క్వార్ట్‌జ్ రేణువులు ఉంటాయి. కాఠిన్యం కొలమానంలో క్వార్ట్‌జ్‌ది 7, మామూలు గాజుది ఐదున్నర. జడ్చర్ల దాటి మట్టిరోడ్డు దిగి వచ్చిన కారును పొడిగుడ్డతో తుడిచామంటే వాటర్ పేపర్‌తో రుద్దినట్టే. మేళ్ళచెరువు, వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల వైపు దుమ్ముది మరో రకం. రాత్రి మంచుకు తడిసి పూత మీదే గట్టిపడుతుంది. నల్లగొండ నీళ్ళు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ, కారు మీద తెల్లమచ్చలకు దాన్ని తిట్టాల్సిన పనిలేదు. అవి నీరు ఆవిరయ్యాక మిగిలే కాల్షియం లాంటి లవణాలు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ లేచింది, ఆనక ఇంటింటికీ నల్లా వచ్చింది. బండి కడగడానికి మాత్రం బోరు నీళ్ళే. ఆ మచ్చలు కొత్తవైతే వెనిగర్‌కు కరుగుతాయి. జనం మాత్రం కాంపౌండే అందుకుంటారు. యాదగిరిగుట్టలో కొత్త బండికి పూజ చేయించి, బానెట్ మీది పసుపు, కుంకుమ ఎండిపోయాక ఇంటి దగ్గర గుడ్డతో బరబరా తుడిచేవాళ్ళ సంగతీ ఇంతే. బండి మొదటి గీతలు పడేది ఆ రోజే.

ఇప్పుడు కథలో అసలు యంత్రం దగ్గరికి వద్దాం. మొదట ఉప్పుకాగితం బిగించి చెక్కను, లప్పాన్ని నున్నచేసే సాండర్‌గా ఉన్న ఒక ఏర్పాటు తర్వాత పాలిషర్‌గా మారింది. షెడ్డుల్లో దాన్ని డీఏ అంటారు, అంటే డ్యూయల్ యాక్షన్. ఇసుర్రాయి పిడి పట్టుకున్న చేతిని గమనించండి. చెయ్యి గుండ్రంగా పోతుంది కానీ తన చుట్టూ తాను తిరగదు. డీఏ ప్యాడు మొదటి కదలిక అదే. మోటారు ఇరుసుకు కొంచెం పక్కగా, మామూలు మిషన్లలో 8 మిల్లీమీటర్ల వ్యాసమున్న గిరకలో, నిమిషానికి కొన్ని వేలసార్లు ఊగుతుంది. ప్యాడును పట్టుకున్న బేరింగ్ వదులుగా తిరిగేది కాబట్టి, ఆ ఊపుకు ప్యాడు తనంతట తానూ తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని తిరగమని మోటారు బలవంతం చేయదు. రెండు కదలికలూ కలిసి ఏ రేణువూ పోయిన దారినే మళ్ళీ పోకుండా చేస్తాయి. గీతలు ఒక దిక్కుకు పేరుకోవు, వేడీ తక్కువ. మిలాన్‌లో 1947లో మొదలైన రూపెస్ లాంటి కంపెనీలు ఆ ఊపును 15, 21 మిల్లీమీటర్ల దాకా పెంచి పనిలో వేగం తెచ్చాయి.

నాకు నచ్చిన గుణం ఇంకొకటి. గట్టిగా అదిమితే ప్యాడు తిరగడం మానేస్తుంది. ఊపు ఉంటుంది, కోత బాగా తగ్గుతుంది. ఒళ్ళు తెలియని ఉత్సాహాన్ని ఇంత మర్యాదగా ఆపే పనిముట్లు తక్కువ. అనుభవమున్న మేస్త్రీలు ప్యాడు వెనక ప్లేటు అంచుకు మార్కరుతో ఒక గీత గీసుకుంటారు. గీత గిరగిరా కనిపిస్తుంటే సరే, ఒకచోట నిలిచిందంటే చెయ్యి బరువెక్కినట్టు.

చేత్తో పాడైన డోరును సరిచేయడం కొలతతో మొదలవుతుంది. పూత మందం చూపే గేజి ఇనుప రేకు మీద అయస్కాంత సూత్రంతో, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంటుతో పనిచేస్తుంది. అది చెప్పేది మొత్తం మందమే. అందులో క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పలేదు. ప్లాస్టిక్ బంపర్ మీద అసలు నోరే మెదపదు. అందుకే పక్క డోరుతో, ఎవరి చెయ్యీ పడని డోరు లోపలి అంచుతో పోల్చి చూస్తారు. పక్క డోరు మీద 115, అరిగిన చోట 95 వస్తే జాగ్రత్త పడాలి. మడతలు, అంచుల దగ్గర పూత మొదటే పల్చగా ఉంటుంది. వాటిని టేపుతో కప్పేయాలి. తర్వాత జానెడు చోట అన్నిటికన్నా మెత్తని ఫోమ్ ప్యాడు, నున్నని పాలిష్‌తో ప్రయత్నించి, చాలకపోతేనే ఒక మెట్టు ఎక్కాలి. చాలామంది ఇక్కడే తలకిందులు చేస్తారు.

తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. పాత అంబాసిడర్ లాంటి క్లియర్ కోట్ లేని బండ్లలో గుడ్డకు రంగు అంటడం సహజం. మెటాలిక్ కారులో అంటితే మాత్రం క్లియర్ కోట్ పోయినట్టే. ఆయిలు, మైనం గీతలను కొన్నాళ్ళు కప్పిపెడతాయి కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఎండలోనో ఒంటి టార్చి వెలుగులోనో చూడాలి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు లాంటి వలయాలు కనిపించడం కొంత కంటి మాయే. గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. ఆ వెలుగుకు అడ్డంగా పడ్డవి మాత్రమే మన కంటికి తళుక్కుమంటాయి. గోటికి తగిలేంత లోతు గీతను తీసేద్దామని పట్టుబట్టకుండా వదిలేయడమే మేలు.

క్లియర్ కోట్ పోయిన చోట ఏ పాలిషూ దాన్ని తిరిగి తేలేదు. డోరంతా వాటర్ పేపర్‌తో మసకచేసి, రంగు వెలిసి ఉంటే రంగు, ఆపైన హార్డ్‌నర్ కలిపిన క్లియర్ గన్‌తో కొట్టాలి. హార్డ్‌నర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ఉబ్బసం తెప్పిస్తాయి. మొహానికి చేతిరుమాలు కడితే సరిపోదు, తగిన మాస్క్ కావాలి. పని కుదిరితే డోరు కొత్తదానిలా ఉంటుంది. కారు అమ్మే రోజున కొనేవాడు గేజి పెట్టి చూస్తాడు. మిగతా డోర్ల మీద 115, ఈ ఒక్కదాని మీద 200 దాటి చూపిస్తుంది. “ఏంది అన్నా, గుద్దిన బండా?” అంటాడు. రుద్దిన బండి అంటే నమ్మడు, రేటు తగ్గించమంటాడు.