టర్బో బిల్డ్ ప్లాన్ చేస్తున్నారా? టర్బో సంగతి ఆఖర్న చూద్దాం

ఫోన్‌లో ఎంత మంచి ప్రాసెసర్ ఉన్నా కూలింగ్ సరిగ్గా లేకపోతే గేమ్ మధ్యలో ఫ్రేమ్స్ పడిపోతాయి. టర్బో ఇంజిన్ కూడా అంతే. తాండూరు ఫ్రెండ్స్ "ఏ టర్బో వేయిద్దాం అన్నా?" అని అడిగితే, నేను ముందు మిగతా పార్టుల సంగతి అడుగుతా.

లెక్క సింపుల్. 1 బార్ బూస్ట్ పెడితే సిలిండర్‌లోకి దాదాపు రెట్టింపు గాలి వెళ్తుంది. దానికి తగ్గ పెట్రోల్ అందాలంటే పెద్ద ఇంజెక్టర్లు, గట్టి ఫ్యూయల్ పంప్ కావాలి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, మన ఎండల్లో ఇంకాస్త ఎక్కువ. అందుకే పెద్ద ఇంటర్‌కూలర్. వేడి పెరిగి, పెట్రోల్ ఆక్టేన్ చాలకపోతే నాకింగ్ మొదలవుతుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రాడ్లు ఒత్తిడిని తట్టుకుంటాయి కానీ నాకింగ్‌ను ఆపలేవు. ఆ పని ఈసీయూ ట్యూనింగ్‌ది.

ఇక గేర్‌బాక్స్. పాత పోలో జీటీ టీఎస్ఐనే తీసుకోండి. 1.2 లీటర్ ఇంజిన్, 105 పీఎస్, 175 ఎన్ఎం టార్క్. దాని 7 స్పీడ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్ పరిమితి 250 ఎన్ఎం. ఇంజిన్ మీద ఎన్ని లక్షలు పోసినా ఆ గీత దాటితే రిస్కే. కాబట్టి ముందు ఆ నంబర్ చూసి, దానికి సరిపోయే టర్బో ఎంచుకోండి.

బ్రేకులు, టైర్లు కూడా బడ్జెట్‌లో ఉండాల్సిందే. వికారాబాద్ దగ్గర అనంతగిరి మలుపుల్లో ఎదురుగా తాండూరు బండల లారీ వస్తే పనికొచ్చేది హార్స్‌పవర్ కాదు, బ్రేకే. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం రోడ్డు మీద రేసింగ్ నేరం, సెక్షన్ 52 ఇలాంటి మార్పులను అడ్డుకుంటుంది. బండి సత్తా చూడాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఆ ప్రయాణం ఖర్చు కూడా బిల్డ్ షీట్‌లో రాసుకోండి.